రిఫరీ నిద్రలో ఎవరిని కొట్టాడు?

అబ్రఫి మణికట్టుకి కట్టు పడ్డ కబురు మాంపొంగ్ ఊరంతా పాకడంతో పోయిన వారం కథ ఆగింది. కట్టు ఎందుకు పడిందో అబ్రఫికి తెలుసు. పక్కలో పడుకున్న మొగుడు పోకు నిద్రలోనే చెయ్యి విసిరాడు. అది ఆవిడ మణికట్టుకి తగిలి ఎముక బీటిచ్చింది. కానీ ఆ మాట చెబితే నమ్మేదెవరు? ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ మైదానంలో బంతి దొర్లినా విజిల్ పోకుదే. అంత పేరున్న రిఫరీ ముసలితనంలో పెళ్ళాన్ని కొడుతున్నాడట అని కుళాయి దగ్గర కొందరు, చర్చి మెట్ల మీద కొందరు చెవులు కొరుక్కున్నారు. పార్కిన్సన్స్ జబ్బు వచ్చి మొన్నమొన్నటిదాకా చెంచా కూడా సరిగ్గా పట్టుకోలేకపోయిన మనిషి ఎలా కొట్టాడని మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పుకారు తిరిగి తిరిగి పక్క ఊళ్ళో ఉన్న అబ్రఫి అన్నగారు నిమాకో చెవిన పడింది. "ఆదివారం చర్చి అవగానే వస్తున్నా, పెట్టె సర్దుకుని ఉండు" అని ఫోన్ చేసి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

ఆదివారం వచ్చింది. అన్నట్టే నిమాకో కూడా వచ్చాడు.

చర్చికి కట్టుకున్న తెల్లంచు వస్త్రం భుజం మీంచి జారుతుంటే ఎగదోసుకుంటూ టాక్సీ దిగాడు. మనిషి భారీగా ఉంటాడు. మొక్కజొన్న, పెండలం పండించే ఆసామి. పొలంలో కూలీలని కేకేసే గొంతు ఇంట్లోనూ అలాగే ఉంటుంది. టాక్సీవాణ్ణి పంపెయ్యకుండా అక్కడే ఆగమన్నాడు.

అబ్రఫి కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, బాగున్న చేత్తో అందించింది. వచ్చినవాడు ముందు నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే వచ్చిన పని చెప్పాలి. నిమాకో గ్లాసు వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"నీళ్ళు తీసుకో అన్నయ్యా."

"నీళ్ళకేం తొందర? పెట్టె ఏదీ?"

"సర్దలేదు."

"ఏం, ఎందుకని?"

"వస్తానంటే కదా సర్దేది!"

నిమాకో ముక్కుపుటాలు అదిరాయి. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదంటే తగాదా తేలేదాకా ఈ ఇంటి నీళ్ళు కూడా తనకి వద్దని. అబ్రఫి గ్లాసుని అరుగు మీద పెట్టి ఊరుకుంది.

వాకిట్లో నీడపట్టున పేము కుర్చీలో పోకు కూర్చుని ఉన్నాడు. వయసు మీద పడ్డా ఆ కాళ్ళల్లో ఇంకా పరుగు పోలేదనిపిస్తుంది. ఐదారు నెలల క్రితం వరకూ కుడి చెయ్యి ఎప్పుడూ వణుకుతూ ఉండేది. ఇప్పుడు ఆ వణుకు దాదాపు లేదు. దాని బదులు ఒళ్ళంతా మెల్లగా ఊగుతోంది. భుజం ఇటు, మెడ అటు, మోకాలు మరోపక్కకి, ఏదో పాటకి తాళం వేస్తున్నట్టు. వాకిట్లో పాట లేదు. చర్చివాళ్ళు "చెయ్యి నిలబడింది, ప్రార్థన ఫలించింది" అని మెచ్చుకుంటుంటే పోకు తల ఊపేవాడు. ఊపకపోయినా అది ఊగేదే.

"బావా!" అన్నాడు నిమాకో ఎదురుగా నిలబడి. "సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. మా చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నావా, లేదా?"

"తెలీదు," అన్నాడు పోకు. జబ్బు అతని గొంతుని కూడా తగ్గించేసింది. చెవి ఒగ్గితే తప్ప వినపడదు.

"తెలీదా! ఏం మాటయ్యా అది?"

"చెయ్యి నాదే. దెబ్బ ఆవిడకి తగిలింది. మధ్యలో ఏం జరిగిందో నేను చూళ్ళేదు. చూడనిదానికి విజిల్ ఊదడం నాకు చేతకాదు."

"మైదానం కబుర్లు నా దగ్గర చెప్పకు! ఆ మొహం చూడవే, అబ్రఫీ. ఆడదాని ఎముక విరగ్గొట్టి కూడా మొహంలో ఇంత బాధ లేదు!"

అబ్రఫికి చర్రున కోపం వచ్చింది. ఆ మొహం సంగతి ఆవిడకి తెలుసు. జబ్బు వచ్చాక పోకు మొహంలో నవ్వూ కనపడదు, ఏడుపూ కనపడదు. మనవరాలి బారసాలకి కూడా అలాగే కూర్చున్నాడు. లోపల మనిషి మనిషిలాగే ఉన్నాడు, మొహానికే తెలియట్లేదు.

"అన్నయ్యా, మొహాన్ని బట్టి మనిషిని తూస్తే నిన్నెవరూ గడప తొక్కనివ్వరు. కూర్చో. తిన్నాక తిట్టుకుందురుగాని."

పెండలం ఉడికించి పొరుగింటావిడ దంచి పెట్టిన ఫుఫు ముద్ద ఉంది, వేరుశనగ పులుసు ఉంది. నిమాకో తిననన్నాడు. తన కంచం ముందు తనే బిగుసుకుని కూర్చున్నాడు. పోకు మాత్రం తాపీగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెనక్కి వాలాడు.

నిమాకో మళ్ళీ అందుకున్నాడు. "మా వంశంలో ఆడపిల్లని కొట్టినవాణ్ణి పెద్దల ముందు నిలబెట్టకుండా వదల్లేదు. వచ్చే వారం మా ఇంట్లో పెద్దల్ని కూర్చోబెడుతున్నా. నువ్వు వచ్చి జవాబు చెప్పుకోవాలి. అక్కడ కూడా తెలీదంటే కుదరదు. వింటున్నావా బావా? బావా?"

పోకు గడ్డం గుండెల మీద ఆనింది. గురక మొదలైంది.

"చూశావా! చూశావా ఎంత లెక్కలేనితనమో! నేను మాట్లాడుతుంటే నిద్రపోతాడా!"

"అరవకు అన్నయ్యా. అది లెక్కలేనితనం కాదు, జబ్బే. పగలంతా నిద్ర వచ్చి పడుతుంది. రాత్రయితే ఆ నిద్రే శత్రువవుతుంది. ఇదంతా నాకు..."

మాట పూర్తి కాలేదు. పోకు కుడికాలు కదిలింది.

మొదట చిన్నగా, నేలని తాటిస్తున్నట్టు. తర్వాత రెండు కాళ్ళూ కలిశాయి. కూర్చున్న చోటే పరుగు. మడమలు నేలని టపటపా కొడుతున్నాయి. కళ్ళు మూసే ఉన్నాయి. పెదాలు బిగుసుకుని, మధ్యలోంచి గాలి "ఫీఁ" మని వచ్చింది. నిమాకో నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

"ఆగు!" అన్నాడు పోకు. ఇందాక చెవి ఒగ్గితే తప్ప వినపడని గొంతేనా ఇది? గోడవతల పొరుగువాళ్ళ కోళ్ళు చెదిరిపోయాయి. "ఆగక్కడ! చెయ్యి తియ్యి ఆవిడ మీంచి!"

"లేపు, లేపు!" అంటూ నిమాకో ముందుకి ఉరికాడు.

"వద్దన్నయ్యా! దగ్గరికి వెళ్ళకు!"

నిమాకో ఎవరి మాట విన్నాడు గనక? బావగారి భుజాలు రెండూ పట్టుకుని కుదిపాడు. పోకు చెయ్యి గాల్లోకి లేచింది. చెంప మీద పడ్డ దెబ్బ చప్పుడుకి వీధిలో టాక్సీవాడు కూడా తల బయటికి పెట్టాడు. వెంటనే కాలు లేచి ముందున్న పీటని తన్నింది. కంచం ఎగిరింది. వేరుశనగ పులుసంతా నిమాకో తెల్లంచు వస్త్రం మీద.

అబ్రఫి దూరంగానే నిలబడి, పేరు పెట్టి పిలిచింది. కేక వెయ్యలేదు. "పోకూ. పోకూ. ఆట అయిపోయింది. ఇంటికొచ్చెయ్."

మూడో పిలుపుకో నాలుగో పిలుపుకో కళ్ళు విచ్చుకున్నాయి. పోకు చుట్టూ చూశాడు. తలకిందులైన పీట, చెంప పట్టుకుని నిలబడ్డ నిమాకో, అతని బట్టల మీంచి కారుతున్న పులుసు.

"ఏమైంది?" అన్నాడు, మళ్ళీ ఆ సన్నటి గొంతుతో.

"నన్ను కొట్టావు," అన్నాడు నిమాకో. విచిత్రంగా అతని గొంతులో కోపం లేదు. చెంప ఎర్రగా పొంగుతోంది, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివిలా గుండ్రంగా అయ్యాయి. "నువ్వు నిద్రపోతూ నన్ను కొట్టావు బావా! నేను చూశాను. కళ్ళారా చూశాను! కళ్ళు మూసుకునే ఉన్నావు!"

"కలొచ్చింది."

"ఏం కల?"

పోకు కళ్ళు నులుముకున్నాడు. "మైదానంలో ఉన్నా. ఆట అవుతోంది. గీత పక్కన అబ్రఫి నిలబడి ఉంది, కుట్టుపని బుట్ట పట్టుకుని. వాడొచ్చాడు. వాడెవడో నాకు మొహం తెలీదు, ఎప్పుడూ వాడే వస్తాడు. వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఎవరూ ఆపట్లేదు. పరిగెత్తుకెళ్ళి వాణ్ణి..." అని ఆగి, అబ్రఫి చేతికున్న కట్టు వైపు చూశాడు. "ఆ రోజూ వాడే వచ్చాడు. నిన్ను లాక్కుపోతుంటే అడ్డుపడ్డాను. గట్టిగా ఒక్కటిచ్చాను. లేచి చూస్తే నువ్వు చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నావు."

ఇన్నాళ్ళలో ఈ మాట అతను ఆవిడకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు. ఎవరినో కొట్టబోయి తనని కొట్టాడని తెలుసు. ఎందుకు కొట్టబోయాడో మాత్రం తెలీదు. అబ్రఫి నవ్వబోయింది.

"నన్ను కాపాడ్డానికి నన్నే కొట్టావన్నమాట. మంచి రిఫరీవే."

పోకు మొహంలో ఏమీ కనపడలేదు. కానీ చెయ్యి వచ్చి ఆవిడ కొంగు అంచు పట్టుకుంది.

నిమాకో వంగి, అరుగు మీద ఇందాకటి నుంచీ అలాగే ఉన్న గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, పులుసు బట్టలతోనే కుర్చీలో చతికిలబడ్డాడు. వీధిలోకి చెయ్యి ఊపి టాక్సీవాణ్ణి వెళ్ళిపొమ్మన్నాడు.

"ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు," అన్నాడు చెల్లెలితో. "ఇది ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో అన్నయ్యా. చెయ్యి వణక్కముందే, చాలా ఏళ్ళ క్రితమే నిద్రలో కాళ్ళాడించేవాడు, 'ఫౌల్' అనేవాడు. నవ్వుకునేదాన్ని. పొద్దున్నే లేచి, 'రాత్రి ఎవరు గెలిచారు' అని ఆటపట్టించేదాన్ని. అది ఈ జబ్బుకి ముందొచ్చే కబురని డాక్టరమ్మ చెప్పేదాకా నాకేం తెలుసు? మామూలుగా నిద్రలో మన ఒళ్ళు కట్టేసినట్టుంటుందట, కలలో పరిగెత్తినా కాలు కదలదట. ఈయనకి ఆ కట్టు తెగిపోయింది."

"మరి ఇంత ఘోరంగా ఉందా ఎప్పుడూ?"

"లేదు. ఈ నాలుగైదు నెలల్నుంచే."

"ఏం మారింది ఈ నాలుగైదు నెలల్లో?"

ఆ ప్రశ్న సుమాని అనే డాక్టరమ్మ కూడా అడిగింది, కిందటిసారి కుమాసి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు. పోకు ఒళ్ళు ఊగుతున్న తీరు చూసి కళ్ళు చిట్లించి, "నేనిచ్చే మాత్ర ఇంత ఊపు తేవడానికి చాలదే! ఇంకేమైనా ఇస్తున్నావా అమ్మా?" అంది. అబ్రఫి లేదంది. చర్చి స్నేహితురాలిచ్చిన రక్తం పట్టే టానిక్ సంగతి చెప్పింది. నిద్రకని మందులషాపువాడిచ్చిన బిళ్ళలు పనిచెయ్యలేదని పారేసిన సంగతి చెప్పింది. అసలుది మాత్రం చెప్పలేదు. ఆ అబద్ధం అప్పట్నుంచీ పంటి కింద రాయిలా ఉంది.

అన్నగారి వాచిన చెంప చూస్తుంటే ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గుడ్డ మూట ఒకటి తెచ్చి పీట మీద విప్పింది. నల్లగా నిగనిగలాడే గింజలు, చిక్కుడు గింజల కన్నా కాస్త లావు.

"కుమాసి సంతలో మూలికలమ్మే ఆవిడ దగ్గర కొన్నా. నరాలకి మంచిదంది. దంచి, పొద్దున్న గంజిలో చెంచాడు కలుపుతున్నా. ఆయనకి తెలీదు."

పోకు తల తిప్పి చూశాడు. "గంజి చేదెక్కిందేమిటా అనుకుంటున్నా."

"ఏం చెయ్యను మరి? మాత్ర వేసినా మధ్యాహ్నానికల్లా చెయ్యి మళ్ళీ వణికేది. చొక్కా గుండీ పెట్టుకోలేక అద్దం ముందు నిలబడి, నేను చూస్తున్నానని తెలిసి, సగం గుండీలతోనే బయటికెళ్ళిపోయేవాడివి. ఇది వేసిన వారానికి నువ్వే పెట్టుకున్నావు గుండీలన్నీ. ఆ రోజు నీ నడక చూశాక ఇంకెవరికి చెబుతాను, ఎవరు మాన్పిస్తారోనని భయం గానీ!"

ఈలోగా నిమాకో గింజ తీసి గోటితో గీకి, పగలబడి నవ్వాడు. "దీనికోసమా కుమాసి దాకా పోయావు? ఓసి పిచ్చిమొహమా! ఇది దూలగొండే! దురద పుట్టని రకం. మొక్కజొన్న కోశాక నేల సత్తువకని నేను పొలమంతా పాకించేది దీన్నే. అడిగితే బస్తా పంపేవాణ్ణి కదే. నరాల మందట, నరాల మందు! ఇది గొడ్లు తినే చిక్కుడు!"

"గొడ్లు తినేదో మనుషులు తినేదో డాక్టరమ్మనే అడుగుతా," అంది అబ్రఫి. దాచిందెలాగూ బయటపడింది. సగంలో ఆగడమెందుకు? ఫోన్ తీసి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది.

డాక్టర్ సుమాని ఆదివారం కూడా ఫోన్ ఎత్తుతుందని ఎవరూ అనుకోలేదు. ఎత్తింది. వెనక ఎక్కడో పిల్లల గోల వినపడుతోంది.

"చెప్పమ్మా అబ్రఫీ. ఎముక ఎలా ఉంది?"

"ఎముక బాగుందమ్మా. నేనే బాగోలేదు. మీకో అబద్ధం చెప్పాను." అని మొదలుపెట్టి, గింజల సంగతంతా ఏకరువు పెట్టింది.

తిడుతుందని అబ్రఫి కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు.

"దూలగొండి గింజలా. అలా చెప్పు! నేను రెండు వారాలుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానమ్మా. మీ ఆయన్ని చూస్తే నేనిచ్చినదానికి రెట్టింపు మందు పడ్డ మనిషిలా ఉన్నాడు. ఇచ్చేదేమో ఇంతే. నువ్వు చెప్పింది విన్నాక ఇప్పుడు అర్థమైంది. నా మాత్రలో ఏ మందుందో ఆ గింజలో కూడా అదే ఉంది."

"అదే అంటే?" అన్నాడు నిమాకో ముందుకు వంగి.

"ఎవరది?"

"నేను నిమాకోని, అబ్రఫి అన్నయ్యని. అదే అంటే, అలాంటిదనా?"

"అలాంటిది కాదండీ, అచ్చంగా అదే. నకిలీ మందైతే నాకింత భయం లేదు. ఇది పనిచేస్తుంది. అదీ ఇబ్బంది. ఏ గింజలో ఎంతుందో ఎవరికీ తెలీదు. ఎక్కువైతే ఒళ్ళు ఊగుతుంది, నిద్ర చెడుతుంది, కలలు కొట్టొచ్చినట్టు వస్తాయి. కొందరికి మెలకువలోనే లేనివి కనపడతాయి."

నిమాకో చేతిలో గింజ వైపు మళ్ళీ చూశాడు. ఈసారి నవ్వలేదు.

"ఇంకోటమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ రక్తం టానిక్‌లో ఇనుముంటుంది. దాన్ని మాత్రతో కలిపి ఇస్తే మాత్ర ఒంటికి పట్టదు. మధ్యాహ్నానికే మందు బలం తగ్గిపోవడం అందుకే అయ్యుండొచ్చు. రెంటికీ మధ్య బాగా ఎడం ఉంచు. అసలు ఆయనకి టానిక్ అవసరమో లేదో నేను రక్తం చూసి చెబుతా."

అబ్రఫి నుదురు కొట్టుకుంది. ఒక చేత్తో మందుని ఆపి, ఇంకో చేత్తో మందు పోస్తోంది ఇన్నాళ్ళూ! ఈయన ఒళ్ళేమో మధ్యలో నలిగిపోయింది.

"కానీ నాకు ఇంకా లెక్క కుదరట్లేదు," అంది అవతలి గొంతు. "పొద్దున్న చెంచాడు గింజల పొడి. సరే. దానివల్ల పగలు ఒళ్ళు ఊగితే ఒప్పుకుంటా. ఆయనకి తెల్లవారుజామునే ఎక్కువవుతోందన్నావు కదా? పొద్దున్న తిన్నది అంతసేపు ఉండదు. సాయంత్రం ఏమిస్తున్నావు?"

"సాయంత్రం ఏమీ లేదమ్మా! ఒట్టు!"

"ఆవిడివ్వట్లేదు," అన్నాడు పోకు.

ఇద్దరూ అటు తిరిగారు. పోకు చూపు నిమాకో మీద ఉంది. కనురెప్ప వెయ్యకుండా, మైదానంలో ఆటగాణ్ణి దగ్గరికి పిలిచే ముందు చూసే చూపు.

"ఈస్టర్ పండక్కి నువ్వొక డబ్బా తెచ్చావు బావా. గుర్తుందా? కాఫీ అన్నావు."

"ఆఁ, తెచ్చాను. ఏం? అది షాపు కాఫీ కాదుగా! నిద్ర చెడగొడుతుందని నీకు డాక్టరు కాఫీ మానమందంటే, పాపం అలవాటు పడ్డ ప్రాణం కదా అని నేనే స్వయంగా వేయించి, మర పట్టించి..." నిమాకో నోరు అక్కడే ఆగిపోయింది.

"దేన్ని వేయించి?" అంది ఫోన్‌లో డాక్టరమ్మ.

నిమాకో అరచెయ్యి తెరిచాడు. నల్లటి గింజ అక్కడే ఉంది.

"పొలంలో బోలెడు పండితే," అన్నాడు, గొంతు దిగిపోయి, "వేయించి దంచితే కాఫీ రుచే వస్తుందని ఎవరో అంటే చేశా. బాగుందని అందరూ అన్నారు. బావకి మేలు చేద్దామనే..."

"రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక కప్పు," అన్నాడు పోకు. "ఇంకో కప్పు పడుకునే ముందు. నిజంగానే బాగుంటుంది."

అంతే, ఒక్కసారిగా అబ్రఫికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. పెట్టె సర్దుకోమంటూ టాక్సీతో దిగిన పెద్దమనిషి, నీళ్ళు కూడా ముట్టుకోని పెద్దమనిషి, పెద్దల ముందు నిలబెడతానన్న పెద్దమనిషి! "మరి పెద్దల ముందు ఎవరు నిలబడాలి అన్నయ్యా? ముగ్గురం కలిసి వెళదామా?"

"నవ్వకే," అన్నాడు నిమాకో, తనూ ఏడవలేక నవ్వుతూ. "చెంప మండుతోంది."

"దానికి కారణం నువ్వే కదా!"

డాక్టరమ్మ నవ్వలేదు. "వినండి, ముగ్గురూ వినండి. ఉన్నపళాన అన్నీ మానెయ్యకండి. ఒంటికి అలవాటైన మందు ఒక్కసారి ఆగితే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆ రాత్రి కాఫీని సగానికి తగ్గించండి. గంజిలో పొడి ఇప్పుడున్నంతే ఉంచండి, పెంచకండి. ఈ వారంలోనే ఆయన్ని నా దగ్గరికి తీసుకురండి. గింజలూ, డబ్బా, టానిక్ సీసా, అన్నీ సంచిలో వేసుకుని రండి. ఎంత తగ్గించాలో, మాత్ర ఎంత మార్చాలో నేను చూస్తా. కలల్లో తన్నులాటకి వేరే మందుంది, షాపులో కొనకండి, చూశాక నేనిస్తా. అప్పటిదాకా పరుపు నేల మీద వెయ్యండి, పక్కన పీటలూ లాంతర్లూ ఉంచకండి. అబ్రఫీ, నువ్వు వేరే గదిలో పడుకో."

"వేరే గదిలోనా?" అంది అబ్రఫి. ముప్పై ఏళ్ళ పైగా ఆ పక్క మారలేదు.

"కొన్నాళ్ళే అమ్మా."

పోకు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మా, గింజలన్నీ తగ్గించాక వణుకు మళ్ళీ వస్తుందా?"

"కొంత రావచ్చు రిఫరీ గారూ. అబద్ధం చెప్పను. మాత్రలు సర్దుతాను, చాలావరకు అదుపులో ఉంచుతాను. కానీ ఇప్పుడున్నంత నిలకడ ఉండకపోవచ్చు."

పోకు తన కుడి చెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. నాలుగైదు నెలలుగా అది తన మాట వింటోంది. గుండీలు పెట్టింది. చర్చిలో కానుకల పళ్ళెం ఒలక్కుండా పక్కవాడికి అందించింది. మనవరాలి జుట్టు దువ్వింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత అబ్రఫి కట్టు మీద ఆనించాడు, తగిలీ తగలనట్టు.

"రానీ," అన్నాడు. "వణికితే వణకనీ. నిద్రలో వాడొచ్చినప్పుడు మాత్రం ఇది లేవకూడదు."

"గుండీలు నేను పెడతాలే," అంది అబ్రఫి. "నువ్వు అద్దం ముందు నిలబడి నా మీద విసుక్కో, చాలు."

డాక్టరమ్మ ఇంకేవో జాగ్రత్తలు చెప్పి ఫోన్ పెట్టబోయింది. పెట్టే ముందు మామూలుగా అన్నట్టు అడిగింది. "నిమాకో గారూ, ఆ కాఫీ మీ బావగారికి ఒక్కరికే ఇచ్చారా?"

నిమాకో చూపు చేతిలోని గింజ మీదికి పోయింది.

"హలో? ఉన్నారా?"

"అన్నయ్యా," అంది అబ్రఫి, "అడుగుతున్నారు."

నిమాకో చేతిలోంచి గింజ జారి నేల మీద పడింది. వాచిన చెంప తప్ప మిగతా మొహమంతా పాలిపోయింది.

"అమ్మకి," అన్నాడు. "అమ్మకి చాలా ఇష్టమది. పొద్దునా మధ్యాహ్నం రాత్రీ అదే. అన్నం తినడం కన్నా అది తాగడమే ఎక్కువ."

తల్లికి ఎనభై దాటాయి. పిట్టంత మనిషి. ఏ జబ్బూ లేదు, ఏ మాత్రా లేదు. మామూలు ఒంట్లో అదంతా ఎక్కడికి పోతుంది?

"ఆవిడ ఎలా ఉంటున్నారు?" డాక్టరమ్మ గొంతు మారిపోయింది. "నిద్ర పడుతోందా?"

"ఈ మధ్య పొద్దుగూకినా పడుకోవట్లేదు. పెద్దతనం కదా అని..." నిమాకో తన ఫోన్ తీశాడు. వేళ్ళు రెండుసార్లు తప్పు అంకె నొక్కాయి. ఇంట్లో అతని భార్య ఎత్తింది.

"అమ్మేం చేస్తోంది?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"మీకోసమే చూస్తున్నానండీ, ఇప్పుడే చేద్దామనుకున్నా," అందావిడ. గొంతు కంగారుగా ఉంది. "అత్తయ్య పొద్దుట్నుంచీ వాకిట్లోంచి లేవట్లేదు. ఎవరో పిల్లలు వచ్చి కూర్చున్నారట, ఆకలిగా ఉన్నారట, అన్నం పెట్టమని నా మీద కేకలేస్తోంది. కంచాలు వరసగా పెట్టించింది. ఇక్కడ పిల్లలెవరూ లేరండీ. ఇప్పుడేమో వాళ్ళని వాళ్ళింట్లో దిగబెట్టి వస్తానని కర్ర పట్టుకుని..."

మాట తెగిపోయింది. ఫోన్ నేల మీద పడ్డ చప్పుడు. ఆ వెంటనే దూరంగా, పరుగుతో వెళ్ళిపోతున్న కోడలి కేక.

"అత్తయ్యా! అటు వెళ్ళకండి, అటు రోడ్డుంది!"